ఫుల్‌ఫ్రేమ్ కొన్నాక వచ్చే ఇబ్బందులు: సమస్య - కారణం - పరిష్కారం

క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్, ఏపీఎస్-సీ అన్నా ఇదే) కెమెరాతో చెయ్యి తిరిగి, ఇష్టపడి ఫుల్‌ఫ్రేమ్ కొన్నవాళ్లు కొద్ది రోజులకే "పాతదే నయం అండీ" అనడం విజయవాడ, గుంటూరు ఫొటో మిత్రుల దగ్గర తరచూ వింటున్నాను. చాలాసార్లు కెమెరాలో లోపమేమీ ఉండదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం. ఏపీఎస్-సీ సెన్సర్ కంటే విస్తీర్ణంలో రెండు రెట్లకు పైగా పెద్దది. దాని లాభాలూ, దానితో వచ్చే చిక్కులూ ఈ సైజు వల్లే. కాబట్టి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు కింది విషయాలు చూడండి.

సమస్య: ఒక కన్ను షార్ప్‌గా, రెండోది మసకగా వస్తోంది. గ్రూప్ ఫొటోలో వెనక వరస తేలిపోతోంది

కారణం: 85 ఎంఎం లెన్స్‌తో ఎఫ్/1.8 అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) దగ్గర 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. మొహం కాస్త పక్కకి తిరిగితే చాలు, రెండో కన్ను అందులోంచి బయటికి పోతుంది. అదే లెన్స్‌ని క్రాప్ బాడీకి (కెమెరాకి) పెట్టి అంతే ఫ్రేమ్ తీయాలంటే 3 మీటర్ల దూరంలో నిలబడాలి. అక్కడ లోతు సుమారు 9 సెంటీమీటర్లు ఉంటుంది. పాత కెమెరా అలవాటుతో ఎఫ్/1.8 పెట్టేస్తున్నాం, లోతేమో తగ్గిపోయింది.

పరిష్కారం: పాత కెమెరాలో ఎఫ్/1.8తో వచ్చిన లుక్ ఇందులో ఎఫ్/2.8 దగ్గరే వస్తుంది. ఒక్కరుంటే ఎఫ్/2.8, జంటైతే ఎఫ్/4, పెళ్లిలో మూడు వరసల గ్రూప్ ఉంటే ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 పెట్టండి. ఐ ఏఎఫ్ (కంటిని వెతికి ఫోకస్ చేసే సెట్టింగు) ఆన్‌లో ఉంచండి. మధ్య పాయింట్‌తో ఫోకస్ లాక్ చేసి ఫ్రేమ్ జరిపే అలవాటు మానేయండి, ఇంత తక్కువ లోతులో ఆ కదలికకే ఫోకస్ తప్పుతుంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసమే ఫుల్‌ఫ్రేమ్ కొన్నామనుకుని లెన్స్‌ని ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచడం నాకు నచ్చదు. అమ్మాయి పట్టుచీర, జడలో పూలు కూడా కనపడాలి కదా!

సమస్య: రాత్రి ఫొటోల్లో ఇంకా గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తోంది

కారణం: గ్రెయిన్ తెచ్చేది ఐఎస్‌ఓ (ఫొటోని ఎంత వెలిగించి చూపాలో చెప్పే సెట్టింగు) అంకె ఒక్కటే కాదు, సెన్సర్ మీద పడే వెలుతురు చాలకపోవడం. ఒకే షట్టర్ స్పీడు, ఒకే అపర్చర్‌లో ఫుల్‌ఫ్రేమ్‌కి ఏపీఎస్-సీ మీద ఉండే లాభం ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు), ఇంకాస్త. అంతే. పాత బాడీకి ఎఫ్/2.8 లెన్స్ వాడి, కొత్త బాడీతో వచ్చిన కిట్ జూమ్‌ని టెలీ చివర (పూర్తిగా జూమ్ చేసి) ఎఫ్/6.3లో వాడితే ఆ లాభం మొత్తం పోయి, ఎదురు నష్టం వస్తుంది. బాడీకే బడ్జెట్ అంతా పెట్టేసినవాళ్లకి ఎక్కువగా జరిగేది ఇదే.

పరిష్కారం: కేనన్ లేదా సోనీ అయితే 50 ఎంఎం ఎఫ్/1.8, నికాన్ జెడ్ అయితే 40 ఎంఎం ఎఫ్/2 ముందు కొనండి. దసరాకి ఇంద్రకీలాద్రి మీద దీపాలు, ప్రకాశం బ్యారేజీ లైట్లు కదలవు కాబట్టి షట్టర్ 1/250 ఎందుకు? స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఉన్న బాడీతో 1/30కి దిగినా బాగా వస్తుంది. విజయదశమి నాటి తెప్పోత్సవంలో హంస వాహనం మెల్లగానే కదులుతుంది, 1/125 దగ్గర మొదలుపెట్టండి. ఐఎస్‌ఓ 6400 చూసి టెన్షన్ పడకండి. రా (RAW) ఫైలుగా తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో డీనాయిస్ చేసుకుంటే (గ్రెయిన్ తగ్గించుకుంటే) ప్రింటుకి కూడా పనికొస్తుంది.

సమస్య: అదే టెలీ లెన్స్, కానీ పక్షి చిన్నదైపోయింది

గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువుకి వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పే మాట ఇది. చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి, మనం గట్టు మీద ఉంటాం. 300 ఎంఎం లెన్స్ ఏపీఎస్-సీలో 450 ఎంఎం వ్యూ ఇచ్చేది, ఇప్పుడు 300 మాత్రమే. క్రాప్ మోడ్ (సెన్సర్ మధ్య భాగాన్నే వాడేది) నొక్కితే 24 మెగాపిక్సెల్ బాడీలో 10 మెగాపిక్సెల్ మిగులుతుంది.

దీనికి సెట్టింగుల్లో మందు లేదు. పక్షుల కోసం పాత క్రాప్ బాడీ అమ్మకుండా ఉంచుకోండి, ఈ పనికి అదే మెరుగు. 45 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవాళ్లకి మాత్రం క్రాప్‌లోనూ 19 దాకా మిగులుతుంది, వాళ్లకి దిగులు అక్కర్లేదు. లేదంటే 600 ఎంఎం దాకా వెళ్లే జూమ్ కొనాలి. దాని బరువు, ఖరీదు రెండూ ఆలోచించుకోండి.

సమస్య: మూలలు నల్లగా వస్తున్నాయి, లేదా మెగాపిక్సెల్స్ వాటంతట అవే తగ్గాయి

పాత క్రాప్ లెన్స్ పెట్టారు. అది వేసే వెలుతురు వలయం పెద్ద సెన్సర్‌కి చాలదు. చాలా బాడీలు దాన్ని గుర్తుపట్టి వాటంతటవే క్రాప్‌లోకి పోతాయి. ఫుల్‌ఫ్రేమ్ లెన్స్ ఒక్కటే దారి.

సమస్య: ఆకాశంలో ప్రతి ఫొటోలో ఒకేచోట బూడిద రంగు మచ్చలు

కారణం: సెన్సర్ మీద దుమ్ము. ఎఫ్/2.8లో కనపడదు, ఎఫ్/11, ఎఫ్/16లో బయటపడుతుంది. కృష్ణ మీద సూర్యాస్తమయాలు తీసేటప్పుడు అపర్చర్‌ని ఎక్కువ మూస్తాం కాబట్టి అప్పుడే పట్టుబడుతుంది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో లెన్స్ తీయగానే చాలా బాడీల్లో సెన్సర్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. సీజన్లో గుంటూరు మిర్చి యార్డులో లెన్స్ మార్చారంటే ఆ సన్నటి కారపు దుమ్ము లోపలికి పోయినట్టే.

పరిష్కారం: ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి తెల్ల గోడని తీయండి. మచ్చ ఫొటోలో పైన ఎడమవైపు ఉంటే, ముందు నుంచి చూసినప్పుడు సెన్సర్ మీద కింద ఎడమవైపు ఉంటుంది. క్లీనింగ్ మోడ్ ఉంటే పెట్టి, కెమెరా నోరు నేలవైపు ఉంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదకండి, తుంపర పడితే మరక అవుతుంది. పోకపోతే 24 ఎంఎం స్వాబ్ (సెన్సర్ తుడిచే పుల్ల) వాడండి, క్రాప్ సెన్సర్ల 16 ఎంఎం స్వాబ్ దీనికి సరిపోదు. యార్డుకి వెళ్లేటప్పుడు 24-105 లాంటి జూమ్ ఒకటి ఇంట్లోనే కెమెరాకి తగిలించుకుని బయల్దేరండి.

సమస్య: స్టేజీ ఫొటోల్లో అడ్డంగా చారలు

కారణం: మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో చాలా ఎల్‌ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షట్టర్‌లో (శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్) సెన్సర్ వరసలు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి రికార్డవుతాయి. పెద్ద సెన్సర్ కదా, కొన్ని బాడీల్లో దీనికి సెకనులో ఇరవయ్యో వంతు దాకా పడుతుంది. ఈలోగా లైటు చాలాసార్లు వెలిగి ఆరుతుంది.

పరిష్కారం: మెకానికల్ షట్టర్‌కి మారి, యాంటీ ఫ్లికర్ (లైటు బాగా వెలిగిన క్షణంలోనే తీసే సెట్టింగు) ఆన్ చేయండి. షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టండి. కూచిపూడి నాట్యానికి 1/100 చాలదు, అప్పుడు యాంటీ ఫ్లికర్ మీదే ఆధారపడాలి. నికాన్ జెడ్8, సోనీ ఏ1 లాంటి స్టాక్డ్ సెన్సర్ (వరసల్ని చాలా వేగంగా రికార్డు చేసేది) ఉన్న బాడీల్లో ఈ బాధ చాలా తక్కువ, ధర మాత్రం చాలా ఎక్కువ.

సమస్య: బయటికి రాగానే లెన్స్ మీద పొగమంచు

ఉక్కపోత రోజుల్లో ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తెస్తే ఇంతే. చల్లటి అద్దం మీద గాలిలోని తేమ పడుతుంది. బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచండి. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

ఇవన్నీ చూసినా ఫోకస్ తప్పుతుంటే

ట్రైపాడ్ మీద పెట్టి, దినపత్రిక పేజీని గోడకి అంటించి, టైమర్‌తో తీయండి. ఇదే పరీక్ష రెండో లెన్స్‌తో చేయండి. ఒక్క లెన్స్‌తోనే తప్పితే లెన్స్‌ని, రెండింటితోనూ తప్పితే బాడీని సర్వీస్‌కి ఇవ్వండి. ఆ ఫొటోలు కార్డులో ఉంచి వాళ్లకి చూపిస్తే పని తొందరగా తెములుతుంది.