పాత ఇంటి మీద చేయి వేసే ముందు: ఇంగ్లండ్ పల్లెల్లో పాటించవలసిన పద్ధతి

ఇంగ్లండ్‌లో ఏదైనా పల్లెలో పాత ఇల్లు కొన్నవారు మేస్త్రీని పిలవడానికి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో ఉన్నది మాత్రమేనా, లేక స్వయంగా లిస్టెడ్ బిల్డింగ్ కూడానా? 1967 నాటి చట్టంతో మొదలైన కన్జర్వేషన్ ఏరియా వీధుల తీరు, ప్రహరీలు, చెట్లు, ఇళ్ల నడుమ ఖాళీ జాగాలతో సహా ఊరి రూపాన్ని కాపాడుతుంది. లిస్టింగ్, అంటే ప్రత్యేక విలువ గల కట్టడంగా అధికారిక జాబితాలో చేర్చడం, ఒక్కొక్క కట్టడాన్ని విడిగా కాపాడుతుంది. ఏరియా సరిహద్దులను స్థానిక కౌన్సిల్ చెబుతుంది. లిస్టెడ్ కట్టడాల జాబితాను చారిత్రక కట్టడాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

జాబితాలో గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులున్నాయి. తొంభై శాతానికి పైగా కట్టడాలు గ్రేడ్ 2వే కాబట్టి కొందరు దాన్ని తేలికగా తీసుకుంటారు, అది పెద్ద పొరపాటు. ఏ తరగతిదైనా రక్షణ ఇంటి లోపలికీ వర్తిస్తుంది. మెట్లు, దూలాలు, పాత తలుపులు జాబితా వివరణలో కనిపించకపోయినా రక్షణలో ఉన్నట్టే. 1948 జూలై 1కి ముందు నుంచీ ఇంటి ఆవరణలో ఉన్న కొట్టాలు, గోడలు కూడా సాధారణంగా ఇందులోకే వస్తాయి.

లిస్టెడ్ ఇంటి స్వరూపాన్ని మార్చే ఏ పనికైనా కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి తీసుకోవాలి. దరఖాస్తుకు రుసుము లేదు. అనుమతి లేకుండా పని చేయించడం నేరం. అంతేకాదు, కౌన్సిల్ చర్యకు కాలపరిమితి లేనందున, పాత యజమాని చేసిన మార్పును సరిదిద్దే భారం కొత్త యజమాని మీద పడవచ్చు. అందుకే కొనే ముందే పాత మార్పులకు అనుమతి పత్రాలు అడిగి చూసుకోవాలి. ఉన్నది ఉన్నట్టుగా చేసే చిన్న మరమ్మతుకు సాధారణంగా అనుమతి అక్కరలేదు గాని, కౌన్సిల్‌లో పాత కట్టడాల విషయాలు చూసే కన్జర్వేషన్ ఆఫీసర్ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

కన్జర్వేషన్ ఏరియాలో చెట్టు కొట్టాలన్నా, కొమ్మలు నరకాలన్నా ఆరు వారాల ముందు కౌన్సిల్‌కు తెలియజేయాలి. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం అడ్డుకొలత 75 మిల్లీమీటర్లు దాటితే ఈ నియమం వర్తిస్తుంది.

ఇక గోడల విషయం. పాత ఇళ్లకు ఎక్కువ హాని చేసేది తెలియక చేసే సిమెంటు పనే అని నా అభిప్రాయం. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. రాళ్ల సందులను సిమెంటుతో పూడిస్తే ఆ తేమ రాతిలోంచే బయటపడాలి, చలికి అది గడ్డకట్టినప్పుడు రాతి ముఖం పొరలుగా ఊడిపోతుంది. పాత సిమెంటును మరతో కోయకుండా ఉలితో నెమ్మదిగా తీసి, రాతికంటే మెత్తని సున్నపు మిశ్రమంతో సందులు నింపాలి. మంచు పడే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. నింపిన తరువాత అది తొందరగా ఎండి పగలకుండా కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.