టీవీలో బొమ్మ వస్తోంది, మాట వినపడట్లేదు: నాకు పనిచేసిన దారి

పెన్‌డ్రైవ్‌లో ఎమ్‌కేవీ రకం వీడియో ఫైల్ వేసి టీవీకి పెడితే బొమ్మ చక్కగా వచ్చేది, శబ్దం మాత్రం అస్సలు లేదు. పెన్‌డ్రైవ్ మార్చడం, టీవీ రీసెట్, ఫైల్ పేరు చివర ఎంపీ4 అని మార్చడం, ఏదీ పనిచేయలేదు.

ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి, టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ (బొమ్మ, శబ్దం ఏ పద్ధతిలో కుదించి ఉన్నాయో చెప్పేది) చూస్తే అసలు సంగతి తెలిసింది: ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉంది. చాలా టీవీలు దాన్ని చదవవు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే, ఫైల్ ఫార్మాట్లు మార్చే ప్రోగ్రామ్‌లో వీడియోకి 'కాపీ' అని ఇచ్చి, ఆడియోని మాత్రం నా టీవీ చదివే ఏసీ3 ఫార్మాట్‌కి, 640 కేబీపీఎస్‌లో మార్చాను. వీడియోని ముట్టుకోం కాబట్టి దాని క్వాలిటీ తగ్గదు, పని కూడా నిమిషాల్లో అయిపోతుంది. కొత్త ఫైల్ పెట్టగానే మొదటి డైలాగ్ ఖంగుమని వినపడింది, ప్రాణం లేచొచ్చింది!

నా టీవీకైతే ఇది సరిపోయింది, అన్నిటికీ అని చెప్పలేను. మీకు బొమ్మే రాకపోతే మాత్రం ఇది కాదు, వీడియో కోడెక్ చూడండి.