ఊరి గుర్తులు ఆట పటంలోకి – మూడో పాఠం: కొబ్బరి మట్టల కింద ఉన్నదాన్ని చూపించడం

మొదటి పాఠంలో, ఫోను పట్టుకుని ఊరంతా నడుస్తూ ఆడే పోకీమాన్ గో ఆట పటంలో గుర్తుగా పెట్టడానికి ఎలాంటి చోటు పనికొస్తుందో, రెండో పాఠంలో ఆట లోపలి నుంచి ప్రతిపాదన ఎలా మొదలుపెట్టాలో చెప్పుకున్నాం. మీ ఊళ్లో మూడు చోట్లు రాసుకుని రమ్మని ఇంటిపని కూడా ఇచ్చాను. పంపిన వాళ్ల చిట్టాలన్నీ చదివాను. గుడి, మరో గుడి, ఆ గుడి వెనక ఇంకో గుడి. గుళ్లు పనికిరావని అనను, అవి నిక్షేపంగా పనికొస్తాయి. కానీ కాలువ మీద లాకులు, అంటే పడవల్ని మెట్టు దించే తలుపుల గదులు, ఉన్న ఊరివాళ్లు కూడా లాకుల్ని వదిలేసి రామాలయమే రాశారు. రోజూ కళ్లముందు ఉండేది కంటికి ఆనదు కాబోలు. అందుకే ఈ పాఠాన్ని ఎక్కువగా మా ఊరి లాకుల దగ్గరే నడిపిస్తాను.

ముందు ఒక ప్రశ్నకు జవాబు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద అడుగడుగునా పోకీస్టాప్ (ఆట పటంలో గుర్తుగా కనబడే చోటు) ఉంటే, ఏరు దాటి లంకల్లోకి వస్తే ఒక్కటీ ఎందుకు కనబడదని ఒకరు అడిగారు. పోకీమాన్ గో 2016లో వచ్చింది, మన దేశానికి ఆ ఏడాది డిసెంబరులో చేరింది. అందులోని తొలి చోట్లు చాలావరకు, అంతకుముందు 2012లో మొదలైన ఇంగ్రెస్ అనే ఆటలో పోర్టళ్లు అని పిలిచే గుర్తు చోట్లే. ఇంగ్రెస్ ఆడేవాళ్లు తిరిగిన చోట పటం నిండింది, తిరగని చోట ఖాళీగా మిగిలింది. మన లంకలకు జరిగింది ఇంతే. 2019లో వేఫేరర్ అనే వెబ్‌సైటు వచ్చాక చోట్లను పంపడం, పరిశీలించడం ఒక పద్ధతిలో పడింది. 2025లో పోకీమాన్ గో, దాన్ని తయారుచేసిన నియాంటిక్ నుంచి స్కోప్లీ అనే కంపెనీ చేతికి వెళ్లింది, వేఫేరర్ మాత్రం నియాంటిక్ నుంచి విడిగా ఏర్పడిన నియాంటిక్ స్పేషియల్ దగ్గరే ఉండిపోయింది. యజమానులు మారినా మన పని మారలేదు.

చూసేవాడు ఎవరు?

మీ ప్రతిపాదనను కొన్నిసార్లు యంత్రమే తేల్చేస్తుంది. లేదంటే మీలాంటి మరో ఆటగాడి ముందుకు వెళ్తుంది. అతను విజయవాడలో ఉండవచ్చు, చెన్నైలో ఉండవచ్చు. బస్సులో కూర్చుని ఫోను చూస్తూ ఉండవచ్చు. సిద్ధాంతం వంతెన దాటి ఎన్నడూ ఇటు రాలేదు. లాకు అంటే తలుపుకు వేసే తాళం అనుకునే అవకాశమూ ఉంది. అతని చేతిలో ఉండేవి మీ రెండు ఫొటోలు, మీ నాలుగు వాక్యాలు, పైనుంచి ఉపగ్రహం తీసిన చిత్రం. ఈ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి.

డెల్టాలో చిక్కు ఆ మూడో దానితోనే. మెట్ట ప్రాంతంలో గుడి కడితే పైనుంచి గుడిలా కనబడుతుంది. కోనసీమలో పైనుంచి చూస్తే కొబ్బరి తలలే. వాటి కింద గుడి ఉందో, అరుగు ఉందో, ఎవరిదైనా పశువుల పాక ఉందో ఆ దేవుడికే తెలియాలి.

నేను ఈ సంగతి నేర్చుకున్నది తిరస్కరణతోనే. మా ఊరి చివర తోటలో అమ్మవారి గుడి ఉంది. ముఖ్య ఫొటో గుమ్మానికి ఎదురుగా నిలబడి తీశాను. పరిసరాలు చూపించాల్సిన రెండో ఫొటో నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ గుమ్మమే తీశాను. చోటు నిర్ధారించలేకపోతున్నామని తిప్పికొట్టారు. వారం రోజులు కోపంగానే ఉన్నాను. తరవాత పరిశీలించేవాడి స్థానంలో కూర్చుని నా ఫొటోలు నేనే చూసుకుంటే, ఆ గుడి డెల్టాలో ఏ ఊళ్లోదైనా కావచ్చు. రెండోసారి తోట బయటికి వచ్చి, కాలువ మలుపు, దాని మీది చిన్న వంతెన, వెనక గుడి శిఖరం, మూడూ ఒకే ఫొటోలో పడేలా తీశాను. మలుపూ వంతెనా పైనుంచి స్పష్టంగా కనబడతాయి. ఈసారి ఆమోదించారు.

కాబట్టి రెండో ఫొటోకు సూత్రం ఒకటే: పైనుంచి కనబడేది ఏదో ఒకటి దొరికేదాకా వెనక్కి నడవండి. మన ప్రాంతంలో అలాంటివి తక్కువేమీ కాదు. కాలువ మలుపు, వంతెన, ఊరి చెరువు, పలకల్లా పరిచిన రొయ్యల చెరువులు, ఏటిగట్టు. అన్నిటికంటే నాకిష్టమైనది మంచినీళ్ల ట్యాంకు. పైనుంచి గుండ్రంగా ఉంటుంది, పక్కనే పొడుగాటి నీడ. ఎంత దట్టమైన తోటలోనైనా అది దాగదు. అయితే ఏటిగట్టు మీద వెనక్కి నడిచేటప్పుడు వెనక కూడా చూసుకోండి.

ముఖ్య ఫొటో

దీని మీద పెద్దగా చెప్పేది లేదు. వస్తువు మొత్తం పడాలి, నిటారుగా ఉండాలి, మనుషుల ముఖాలు, బండ్ల నంబర్లు పడకూడదు. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఫొటో, మూలన తేదీ లేదా పేరు ముద్ర పడిన ఫొటో పనికిరావు. గుడి తూర్పు ముఖమైతే పొద్దున్నే వెళ్లండి. తోటలో అయితే మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ మట్టల సందుల్లోంచి దిగి గోడ మీద చిరుతపులి మచ్చలు వేస్తుంది. అక్కడ మబ్బు పట్టిన రోజే మేలు.

లాకుల దగ్గర

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి అందరికీ తెలుసు. దాని నుంచి తీసిన పెద్ద కాలువలు పంటకే కాక పడవలకు కూడా అన్న సంగతి మాత్రం మా తరానికి మరుపులో పడింది. కాలువ ఒక మెట్టు దిగే చోట పడవ దూకలేదు కదా. అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక గది కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, గదిలో నీళ్లు తగ్గించి, ముందు తలుపులు తెరిచేవారు. అదే లాకు. మా తాతలకు ఇది బస్టాండు లాంటిది.

ఫొటో తీయడానికి వెళ్లినప్పుడు అక్కడ గట్టు మీద కూర్చున్న పెద్దాయన నన్ను కాసేపు గమనించి అడిగారు.

“ఏం బాబూ, సర్వేకి వచ్చారా? మళ్లీ కాలువ వెడల్పు చేస్తారా?”

“లేదు తాతగారూ, ఫోనులో ఒక ఆట ఉంది. అందులో మన లాకులు పెడదామని.”

“ఆటలో లాకులెందుకు? పడవలున్నాయా అందులో?”

లేవని ఒప్పుకున్నాను. ఆయన మాత్రం పడవల గురించి అరగంట చెప్పారు. లాకు తెరిచేదాకా వరసకట్టిన ధాన్యం పడవలు, గట్టున రాళ్ల పొయ్యి పెట్టి వండుకునే సరంగులు, ఇప్పుడు నాచు పట్టిన ఆ మెట్ల దగ్గర దిగిన పెళ్లివారు. వెళ్లబోతుంటే, “ఆ రాయి మీద ఏడాది చెక్కి ఉంటుంది చూడు, కొబ్బరి పీచుతో రుద్దితే తేలుతుంది” అన్నారు. రుద్దాను, అంకెలు తేలాయి. వివరణ రాయడానికి కావలసిన సరుకంతా అలా గట్టు మీదే దొరికింది.

ఇక రాయడం. నా మొదటి ప్రయత్నం ఇలా ఉండేది:

“లాకులు. చాలా పాతవి. మా ఊళ్లో బాగా ప్రసిద్ధి. దయచేసి ఆమోదించండి, మా దగ్గర ఒక్క స్టాప్ కూడా లేదు.”

ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఎంత పాతవి, ఎవరికి ప్రసిద్ధి? బతిమాలడం వల్ల ఒరిగేదేమీ లేదు, మీ ఊళ్లో స్టాప్ లేదన్న కష్టం అర్హత కాదు. పైగా ఆటగాళ్లందరికీ కనబడే వివరణలో ఆట ప్రస్తావన ఉండకూడదు. మార్చి రాసింది ఇది:

పేరు: పడవల లాకు, పెద్దకాలువ వంతెన దగ్గర.

వివరణ: గోదావరి డెల్టా కాలువపై పడవలను ఎగువ నుంచి దిగువకు దించడానికి కట్టిన రాతి లాకు. కట్టిన ఏడాది గోడ రాతిపై చెక్కి ఉంది. ధాన్యం పడవలు, ప్రయాణికుల పడవలు ఇక్కడ ఆగి వెళ్లేవి. పడవలెక్కే రాతిమెట్లు నేటికీ ఉన్నాయి.

పరిశీలకుడికి మాత్రమే కనబడే సమర్థనలో ఇలా రాశాను: “ఇది డెల్టా నీటిపారుదల చరిత్రకు చెందిన శాశ్వత నిర్మాణం, చూడదగ్గ చోటు. గట్టు రోడ్డు నుంచి లాకు మీది నడకదారికి నేరుగా వెళ్లవచ్చు, రెండు వైపులా కమ్మీలున్నాయి. రెండో ఫొటోలో కుడివైపున కనబడే వంతెన, కాలువ రెండుగా చీలే చోటు ఉపగ్రహ చిత్రంలో చూడవచ్చు. లాకు వాటికి ఉత్తరాన ఉంది.”

ఈ చివరి రెండు వాక్యాలే అసలైనవని నా నమ్మకం. అతని వేలు పట్టుకుని అక్కడికి తీసుకెళ్లినట్టు ఉండాలి. నడకదారి మాట కూడా మరవకండి. నీటి పక్కన ఉన్న దేన్నయినా సురక్షితంగా నడిచి చేరగలమా అన్న అనుమానంతోనే చూస్తారు, అది సరైన అనుమానమే. సమర్థనను తెలుగులోనూ, కింద సులువైన ఇంగ్లీషులోనూ రాయడం నా అలవాటు. చూసేవాడు తమిళుడైతే తెలుగు అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నా అతనికి ఉపయోగం లేదు.

పేర్ల విషయంలో ఒక మాట. వీధికో రామాలయం ఉన్న ఊళ్లలో “రామాలయం” అని పంపితే, ఉన్నదాన్నే మళ్లీ పంపారని కొట్టేస్తారు. గుడి మీది బోర్డులో ఉన్న పేరు, వీధి పేరు కలిపి రాయండి. కాటన్ దొర విగ్రహాలకూ ఇదే వర్తిస్తుంది. డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊళ్లు వెతుక్కోవాలి.

పి.గన్నవరం వైపు వాళ్లకు నాదొక విన్నపం. అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలువను మోసుకెళ్లే అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. దాని గురించి రాసేటప్పుడు “పెద్ద వంతెన” అని ఊరుకోకండి. నది మీద కాలువ పారడమే చూడనివాళ్లకు వింత. వేళాపాళా లేకుండా వచ్చిన బాటసారులకు అన్నం పెట్టిన తల్లి పేరు దానికి ఉండటం మరొకటి. వేఫేరర్ అన్నా బాటసారే కదా. పరిశీలకుడికి ఆ చమత్కారం తెలియకపోయినా మనకు తెలుసు.

గుర్తును ఎక్కడ గుచ్చాలి?

తోటల్లో ఫోను చూపే స్థానం ఇటూ అటూ జరుగుతుంది. ఫోను మాట నమ్మకుండా ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి గుర్తును చేత్తో జరపండి. మీరు నిలబడ్డ చోట కాదు, వస్తువు ఉన్న చోట.

ఇక్కడే చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. ఆటగాళ్లు తేల్చుకున్న లెక్క ప్రకారం పోకీమాన్ గోలో పటం చిన్న చిన్న గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడి ఒక్కో వైపు సుమారు 70 మీటర్ల పొడవు, గడికి ఒకటే చోటు కనబడుతుంది. ఇంగ్రెస్‌లో అయితే రెంటి మధ్య 20 మీటర్ల దూరం చూస్తారు. అందుకే ధ్వజస్తంభం, కోనేరు, గాలిగోపురం మూడూ ఆమోదం పొందినా ఆటలో ఒకటే కనబడవచ్చు. దానికి విరుగుడుగా కోనేరును పక్క గడిలోకి, అంటే ఎవరిదో వరిచేలోకి, జరిపేవాళ్లు ఉన్నారు. అది మోసం. పట్టుబడితే ఖాతాకే చేటు. ఈ లెక్క తెలుసుకోవలసింది ముందు ఏది పంపాలో ఎంచుకోవడానికి మాత్రమే.

మీ చిట్టాల్లో కొట్టేసినవి

హైస్కూలు ఆవరణలోని విగ్రహం: ఎంత గొప్పవారిదైనా సరే, పిల్లల బడుల లోపలివి తీసుకోరు. పెరట్లో పుట్ట: ఊరంతా పాలు పోసినా స్థలం ఇంటివాళ్లది. వినాయక చవితి పందిరి: నవరాత్రులు కాగానే తీసేస్తారు. రావిచెట్టు: చెట్టు ఒక్కటే అయితే కాదు. దాని చుట్టూ అరుగు ఉండి, సాయంత్రం నలుగురూ కూర్చుంటే అరుగును పంపండి, నలుగురూ కలిసే చోటుగా. లంక రేవులో పంటు (ఏరు దాటించే బల్లకట్టు): అది కదిలిపోతుంది. రేవులో రాతిమెట్లో పాత సత్రమో ఉంటే దాన్ని పంపండి.

నాకు మనసొప్పకుండా కొట్టేసింది జగ్గన్నతోట. కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి, కాలువలో దిగి మరీ ప్రభను మోసుకొస్తారు. కోనసీమకు అంతకు మించిన తీర్థం (జాతర) లేదు. కానీ మిగతా రోజుల్లో అది కొబ్బరితోటే, గుడీ గోపురమూ ఉండవు. చెట్టూ తోటా ప్రకృతి కిందికే వస్తాయి, పండగ తాత్కాలికం. ఫొటోలో చూపడానికి శాశ్వతంగా నిలబడి ఉన్న వస్తువు కావాలి. దారిలో తీర్థం విశేషం చెప్పే ఫలకమో, ద్వారమో ఉంటే దాన్ని వెతకండి. ఉత్త తోటను పంపి ప్రయోజనం లేదు.

ఇంటిపని

మీ చిట్టాలోంచి గుడి కానిది ఒకటి తీయండి. లాకు, గ్రంథాలయం, అరుగు, వ్యాయామశాల, ఏదైనా. రెండో ఫొటో మాత్రమే తీయండి, ముఖ్య ఫొటో వద్దు. మీ ఊరు చూడని బంధువు ఒకరికి ఆ ఫొటో, ఉపగ్రహ చిత్రం పంపి, “ఇది ఎక్కడుందో వేలు పెట్టి చూపించు” అని అడగండి. సాయం చేయకండి. నేను మా మేనత్త కొడుక్కి పంపితే వాడు మొదటిసారి ఎవరిదో కోళ్లఫారం మీద వేలు పెట్టాడు. వేలు సరైన చోట పడేదాకా ఫొటో మార్చి తీస్తూ ఉండండి. అది పడ్డ రోజునే పేరు, వివరణ, సమర్థన రాసి పంపండి. తిరస్కరణ వస్తే ఆ మెయిలు చెరిపేయకుండా దాచుకోండి, నాలుగో పాఠంలో అప్పీలు రాసేటప్పుడు దానితోనే పని.