గ్లెన్ ఆఫ్ ఇమాల్ టెర్రియర్ కొనేముందు ఈ ఒక్క టెస్ట్ అడగండి

ఐర్లాండ్‌లో ఉండి కుక్కపిల్ల కోసం చూస్తున్నవాళ్ళకి ఒక చిట్కా. విక్లో కౌంటీలోని ఇమాల్ లోయ నుంచి వచ్చిన ఈ టెర్రియర్ చాలా అరుదు, 1934లోనే ఐరిష్ కెన్నెల్ క్లబ్ గుర్తించినా ఇప్పటికీ తక్కువే కనిపిస్తాయి, అందుకని దొరికిందే చాలని అడ్వాన్స్ ఇచ్చేయకండి. ముందు తల్లికీ తండ్రికీ సీఆర్‌డీ3 డీఎన్ఏ టెస్ట్ చేయించారా అని అడిగి రిపోర్ట్ చూడండి. సీఆర్‌డీ3 అంటే ఈ జాతికి తల్లిదండ్రుల నుంచి వచ్చే, మెల్లమెల్లగా చూపు పోయే జబ్బు, పిల్లప్పుడు కళ్ళు బాగానే ఉంటాయి, చూసి కనిపెట్టలేం. ఇద్దరిలో ఒక్కరు క్లియర్ అయినా, అంటే ఆ జబ్బు జన్యువు లేదని రిపోర్ట్‌లో వచ్చినా, పిల్లకి ఈ జబ్బు రాదు.

ముందుకాళ్ళు కాస్త వంకరగా ఉంటాయి, కంగారొద్దు, జాతే అంత. కాకపోతే ఎదిగేదాకా సోఫా మీంచి దూకనివ్వకండి, మెట్లు కూడా ఎత్తుకునే దించండి, పొట్టిగా 14 అంగుళాలే ఉన్నా పెద్దయ్యాక 16 కిలోలు తూగుతుంది కాబట్టి ఎత్తుకునే ముచ్చట ఇప్పుడే తీర్చుకోండి 😄 మిగతా టెర్రియర్లలా ఊరికే మొరగదు గానీ ఇంట్లో కుందేలు ఉంటే మాత్రం వద్దులెండి, దీన్ని పెంచిందే వేటకి.