అమెరికా లా స్కూల్లో లా ఫ్రటర్నిటీలో చేరడం, శాఖను నడపడం ఎలా?

ఆగస్టులో లా స్కూల్ తెరిచిన కొద్ది రోజులకే వరండాలో బల్లలు వెలుస్తాయి. వాటి మీద గ్రీకు అక్షరాల బ్యానరు, పక్కన పిజ్జా డబ్బాలు, వెనకాల నవ్వుతూ పిలిచే సీనియర్లు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎల్‌ఎల్‌బీ ముగించి ఎల్‌ఎల్‌ఎంకి వెళ్లినవారికీ, అక్కడే పెరిగి మూడేళ్ల లా డిగ్రీ జేడీలో చేరిన తెలుగు పిల్లలకూ అక్కడ వచ్చే సందేహాలు ఒకటే. ఎంత కట్టాలి? కడితే ఏమొస్తుంది? ర్యాగింగ్ ఉంటుందా?

లా ఫ్రటర్నిటీ అంటే డిగ్రీ కాలేజీల్లో కలిసి ఒక ఇంట్లో ఉండే కుర్రాళ్ల ఫ్రటర్నిటీ కాదు. ఇది వృత్తి సంఘం. ఆడా మగా అందరూ చేరవచ్చు, చదువు అయ్యాక కూడా సభ్యత్వం ఉంటుంది. అయితే పేరు ఎంత పాతదైనా మీకు దక్కేది మీ కాలేజీలోని శాఖ ఎంత బతికి ఉందన్న దాన్ని బట్టే. ఒకే ఫ్రటర్నిటీ ఒక ఊళ్లో నెలనెలా జడ్జిని పిలిపిస్తుంది, ఇంకో ఊళ్లో ఫీజు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటుంది. కాబట్టి సంతకం పెట్టేముందు ఒక వారం ఆగండి.

1. ఏది ఏమిటో తెలుసుకోండి

ప్రధానంగా మూడు పేర్లు వినిపిస్తాయి. ఫై డెల్టా ఫై 1869లో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1878లో ఏర్పడిన లాయర్ల జాతీయ సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్ కంటే తొమ్మిదేళ్లు పెద్దది. లండన్ లాయర్ల సంఘాల పద్ధతిలో దీని శాఖల్ని ‘ఇన్’ అంటారు, శాఖాధ్యక్షుణ్ని ‘మజిస్టర్’ అంటారు. 2012 నుంచి ఇది ఆనర్ సొసైటీగా మారింది కనుక ఇక్కడ మార్కులు చూస్తారు, అడిగినవారందరినీ తీసుకోరు.

ఫై ఆల్ఫా డెల్టా 1902 నాటిది. దీనికి లా స్కూల్ శాఖలతో పాటు డిగ్రీ విద్యార్థుల కోసం ప్రీ-లా శాఖలూ ఉన్నాయి. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు ముందు పరిచయమయ్యేది ఎక్కువగా ఇదే. డెల్టా థీటా ఫై 1913లో మూడు చిన్న ఫ్రటర్నిటీలు కలిసి ఏర్పడింది. దీని శాఖ ‘సెనేట్’, శాఖ పెద్ద ‘డీన్’. లా స్కూల్ డీన్‌కూ ఈ డీన్‌కూ సంబంధం లేదు. మొదటి నెలలో కొత్తవాళ్లు ఈ ఇద్దరి మధ్య తికమక పడుతూనే ఉంటారు.

వీటిలో ఒకప్పుడు ఆడవాళ్లను చేర్చుకునేవారు కాదు. అందుకే మహిళలు 1908లో షికాగో-కెంట్ లా కాలేజీలో కప్పా బీటా పై, 1911లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫై డెల్టా డెల్టా పెట్టుకున్నారు. ఈ రెండోది 1972లో ఫై ఆల్ఫా డెల్టాలో కలిసింది. చదువుల్లో లింగ వివక్షను నిషేధిస్తూ అదే ఏడాది వచ్చిన టైటిల్ 9 చట్టం తర్వాత వృత్తి ఫ్రటర్నిటీలు స్త్రీలకు తలుపులు మూసి ఉంచడం సాగలేదు.

‘అమెరికన్ ఇన్స్ ఆఫ్ కోర్ట్’ వేరే సంగతి. 1980లో యూటాలో మొదలైన ఆ సంఘాల్లో జడ్జీలు, సీనియర్ లాయర్లు, జూనియర్లు, విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మీ ఊళ్లో అలాంటిది ఉండి, అందులో విద్యార్థిగా చోటు దొరికితే, కోర్టు పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఏ ఫ్రటర్నిటీ కంటే అదే మేలు.

2. శాఖ నాడి చూడండి

బల్ల దగ్గర కూర్చున్నవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడాది ఏయే తేదీల్లో ఏం కార్యక్రమాలు చేశారు? చివరి సమావేశానికి ఎంతమంది వచ్చారు? కోశాధికారి ఎవరు, ఖాతా ఎక్కడుంది? ఈ ఊళ్లో పనిచేస్తున్న పూర్వ సభ్యుల్లో ఇద్దరి పేర్లు చెప్పగలరా?

మూడో ప్రశ్నకు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే వెనక్కి తగ్గండి. నాలుగో ప్రశ్నకు ‘దేశవ్యాప్తంగా లక్షల మంది ఉన్నారు’ అనే జవాబు వస్తే అది జవాబు కాదు. మీకు కావలసింది మీరు ప్రాక్టీస్ చేయాలనుకున్న ఊళ్లోని పది మంది. ఆ తర్వాత విద్యార్థి వ్యవహారాల కార్యాలయానికి వెళ్లి ఆ శాఖ ఈ ఏడాదికి గుర్తింపు పునరుద్ధరించుకుందా అని అడగండి. గుర్తింపు లేకపోతే క్లాసు గదులూ ఇవ్వరు, లా స్కూల్ విద్యార్థి సంఘమైన స్టూడెంట్ బార్ అసోసియేషన్ నిధులూ రావు.

3. ఫీజును విడదీసి అడగండి

రెండు వాటాలుంటాయి: జాతీయ కార్యాలయానికి వెళ్లేది, శాఖ దగ్గరే ఉండేది. ప్రతి వాటా ఒక్కసారికేనా, ఏటేటా కట్టాలా? పట్టా అయ్యాక కూడా చందా ఉందా? మధ్యలో మానేస్తే తిరిగిస్తారా? ఈ మూడూ ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇదివరకే మరో లా ఫ్రటర్నిటీలో సభ్యులైతే ఆ మాట ముందే చెప్పండి, రెండింటిలో ఉండటానికి నియమావళి ఒప్పుకోకపోవచ్చు.

ఎల్‌ఎల్‌ఎం వాళ్లకు ఒక లెక్క ఉంది. కోర్సు తొమ్మిది నెలలే. సెప్టెంబర్‌లో చేరితే రెండు సెమిస్టర్లూ వాడుకోవచ్చు. జనవరిలో చేరితే ఏప్రిల్ దాకా మూడు నెలలే మిగులుతాయి, అందులోనూ చివరి నెల పరీక్షల కిందే పోతుంది. అప్పుడు ఆ డబ్బుతో ఊరి బార్ అసోసియేషన్‌లో విద్యార్థి సభ్యత్వం తీసుకోవడం నయం.

4. దీక్షా కార్యక్రమం

సాధారణంగా ఒక సాయంత్రం కోర్టు గదిలోనో, కాలేజీ మూట్ కోర్ట్ హాల్లోనో జరుగుతుంది. సూటు వేసుకుని వెళ్లాలి. ప్రమాణం చదివిస్తారు, పిన్ను పెడతారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తారు. ప్రమాణ పాఠాన్ని ముందే చూపమని అడగడంలో తప్పేమీ లేదు, చదవకుండా సంతకం పెట్టకూడదని నేర్పేదే లా స్కూల్ కదా.

ర్యాగింగ్ జాడ కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇది నేరం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలు ఇలాంటి ఘటనల లెక్క బయటపెట్టాలి. లా విద్యార్థికి అదనపు ముప్పు ఒకటుంది. బార్‌లో చేరేముందు శీలం, యోగ్యతల విచారణ జరుగుతుంది. కాలేజీలో పడిన క్రమశిక్షణ చర్యలన్నీ అక్కడ రాసివ్వాలి. చర్య కన్నా దాన్ని దాచడమే ఎక్కువ మందిని ముంచుతుంది.

5. మొదటి సెమిస్టర్‌లో ఏం పిండుకోవాలి

అమెరికా లా స్కూల్లో చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివర ఒకే పరీక్ష, అదీ తోటివాళ్లతో పోల్చి వేసే గ్రేడు. అందుకే ఫ్రటర్నిటీల దగ్గరుండే పాత ‘ఔట్‌లైన్ల’ కోసం ఎగబడతారు. ఔట్‌లైన్ అంటే ఒక ప్రొఫెసర్ కోర్సు మొత్తానికి సీనియర్ తయారుచేసుకున్న సారాంశం. వాడే తీరు ఇది: ముందు మీ సొంతది అక్టోబర్ నుంచి రాయడం మొదలుపెట్టండి, ఒక్కో అధ్యాయం అయ్యాక పాతదాంతో పోల్చి, మీరు వదిలేసినవి చేర్చండి. నవంబర్‌లో సీనియర్‌ది ప్రింటు తీసుకుని బట్టీ పట్టినవాళ్లు ప్రశ్నలో వాస్తవాలు కొంచెం మారగానే తెల్లముఖం వేస్తారు. పైగా ఆ ఔట్‌లైన్ మూడేళ్ల నాటిదైతే అందులోని తీర్పును పైకోర్టు కొట్టేసి కూడా ఉండవచ్చు. తేదీ, ప్రొఫెసర్ పేరు లేని ఔట్‌లైన్ పక్కన పెట్టేయండి.

పాత ప్రశ్నపత్రాల విషయంలో మరీ జాగ్రత్త. ప్రొఫెసరో లైబ్రరీయో విడుదల చేసినవే చూడాలి. ఎవరో గుర్తుపెట్టుకుని రాసిన ప్రశ్నలు శాఖ డ్రైవ్‌లో కనిపిస్తే, అవి తెరిచినా విద్యార్థుల నిజాయితీ నియమావళి అయిన ఆనర్ కోడ్ కింద చిక్కు రావచ్చు.

6. పూర్వ సభ్యులకు రాయడం

మనవాళ్లు తడబడేది ఇక్కడే. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలుపెట్టి, కుటుంబ నేపథ్యం చెప్పి, అడక్కుండానే రెజ్యూమె జతచేసి, ఉద్యోగం ఇప్పించమని ముగిస్తారు. జవాబు రాదు. నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, ఆయన లేదా ఆమె పేరు ఎక్కడ దొరికింది, వారి పనిలో మీకు తెలుసుకోవాలని ఉన్న ఒకే ఒక విషయం, వచ్చే రెండు వారాల్లో పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా అన్న ప్రశ్న. వారం దాకా జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, రెండోసారి వద్దు. మాట్లాడిన మర్నాటిలోపు కృతజ్ఞత రాయండి. ఆ సంభాషణ చివర ‘ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?’ అని అడగడం మరవకండి. ఉద్యోగాలు ఎక్కువగా ఆ రెండో మనిషి దగ్గరే తేలతాయి.

7. పదవి తీసుకుంటే కోశాధికారి పదవే తీసుకోండి

అధ్యక్ష పదవికి పోటీ ఉంటుంది, దీనికి ఉండదు. కానీ శాఖలు చచ్చిపోయేది డబ్బు లెక్కల దగ్గరే కాబట్టి నేర్చుకునేదీ ఇక్కడే ఎక్కువ. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు జీతం లేని పదవిలో ఉండవచ్చు. ఎవరైనా గౌరవ వేతనం అన్నా, జూనియర్లకు డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పమన్నా ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి.

శాఖ డబ్బును ఎవరి సొంత వెన్మో (ఫోన్‌లో డబ్బు పంపుకునే యాప్) ఖాతాలోనూ ఉంచకూడదు. శాఖకు సొంత పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని ధ్రువీకరిస్తూ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే సీపీ 575 ఉత్తరం ఒక్కసారే వస్తుంది. అది పోతే 147సీ ఉత్తరం అడిగి తెచ్చుకోవాలి. పాత అధ్యక్షుడి పేరే బాధ్యుడిగా నమోదై ఉంటే, మార్పు జరిగిన 60 రోజుల్లోపు 8822-బి ఫారం పంపాలి. ఈ పని ఎవరూ చేయరు. ఫలితంగా మూడేళ్ల కిందట వెళ్లిపోయిన వ్యక్తి పాత ఇంటికి నోటీసులు వెళ్తుంటాయి.

ఏడాదికి మొత్తం రాబడి మామూలుగా 50,000 డాలర్లు మించని పన్ను మినహాయింపు సంస్థకు ఐఆర్‌ఎస్‌కు ఆన్‌లైన్‌లో పంపే 990-ఎన్ అనే చిన్న ఈ-పోస్ట్‌కార్డ్ చాలు. లెక్కల సంవత్సరం ముగిసిన తర్వాత ఐదో నెల 15వ తేదీ గడువు. డిసెంబర్‌తో ముగిస్తే మే 15, అంటే సరిగ్గా పరీక్షలూ పట్టాల పండుగా నడిచే రోజులు. వరుసగా మూడేళ్లు వేయకపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. జాతీయ కార్యాలయం శాఖలన్నిటి తరఫునా కలిపి వేస్తోందా, మీరే వేయాలా అన్నది పదవి చేపట్టిన వారంలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి.

కాలేజీ నిధులతో ఖర్చు పెట్టేటప్పుడు ముందు అనుమతి, తర్వాత కొనుగోలు. వరస తిరగబడితే చాలా చోట్ల బిల్లు మీ నెత్తినే పడుతుంది.

ఎన్నికలు ఫిబ్రవరిలో పెట్టండి, పదవుల అప్పగింత మార్చిలో ముగించండి. ఏప్రిల్ దాటితే ఎవరూ దొరకరు. పాత, కొత్త కోశాధికారులు ఇద్దరూ ఎన్నిక తీర్మానం కాపీతో కలిసి బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించుకోవాలి. పాతవారు బార్ పరీక్ష కోసం ఊరు వదిలేశాక ఖాతా తెరిపించడానికి ఒక సెమిస్టర్ పట్టినా ఆశ్చర్యం లేదు.

8. సేవా కార్యక్రమంలో గీత దాటకండి

తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఊళ్లో అద్దె ఇళ్ల హక్కుల మీద సభ పెడితే హాలు నిండుతుంది. అడ్వాన్సు తిరిగివ్వని యజమానులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. ఆ రాష్ట్ర చట్టంలో ఏముందో చెప్పడం వరకు సరే. ఒకరు లీజు కాగితం చేతిలో పెట్టి ‘నేనేం చేయాలి?’ అనగానే అది న్యాయ సలహా అవుతుంది, లైసెన్స్ లేకుండా అది ఇవ్వడం నేరం కావచ్చు. లైసెన్స్ ఉన్న లాయర్ ఒకరిని గదిలోనే కూర్చోబెట్టి, అలాంటి ప్రశ్నలన్నీ వారి దగ్గరికే పంపండి. ఇండియాలో మీరు పదేళ్లు ప్రాక్టీస్ చేసి ఉన్నా ఇదే నియమం. బార్ కౌన్సిల్ సనదు అక్కడ చెల్లదు.

రెజ్యూమెలో ఫ్రటర్నిటీకి ఒక్క పంక్తి చాలు: పేరు, పదవి, సంవత్సరం, చేసిన పని ఒకటి. ఉత్త సభ్యత్వమే అయితే అదీ వద్దు, ఆ చోటు లా స్కూల్ న్యాయ సహాయ క్లినిక్‌లో చేసిన కేసుకు ఇవ్వండి. పట్టా అందుకునే నెలలో జాతీయ కార్యాలయానికి మీ సొంత ఈమెయిల్ ఇచ్చి చిరునామా మార్పించుకోండి. కాలేజీ ఈమెయిల్ మూసేశాక పూర్వ విద్యార్థుల జాబితాలో మీ పేరున్నా మిమ్మల్ని చేరే దారి ఉండదు.