శిలాజాల వేట నేర్చుకుందాం – 4వ పాఠం: క్వారీలో ఒక పూట

పోయిన పాఠంలో రాళ్ళ రకాలు గుర్తుపట్టడం చూశాం. ఈసారి రాతిలో మిగిలిపోయిన పాతకాలపు ఆకు ముద్రల కోసం తిరుపతి నుంచి పదిమందిమి కలిసి క్వారీకి వెళ్తున్నాం అనుకోండి.

ఏ క్వారీకి? చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు చాలా ఉన్నాయి, కానీ అవి మనకు పనికిరావు. కరిగిన రాయి భూమి లోపల చల్లారి గ్రానైట్ అవుతుంది, దానిలో ఆకు ముద్ర పడే వీలే లేదు. తిరుమల శిలాతోరణం రాయి నీళ్ళలో పేరుకున్న ఇసుకే. అయితే దాని వయసు 100 కోట్ల ఏళ్ళ పైమాటే, అప్పటికి భూమ్మీద చెట్టన్నదే లేదు. పైగా అక్కడ సుత్తి ఎత్తకూడదు. మనం వెళ్ళాల్సింది సత్యవేడు వైపు. అక్కడి ఇసుకరాయి, మట్టిరాయి పొరలు డైనోసార్లు తిరిగిన కాలానివి, 10 కోట్ల ఏళ్ళు దాటినవి. వాటిలో టైలోఫిల్లమ్ అనే మొక్క ఆకు ముద్రలు దొరుకుతాయి. శేషాచలం అడవిలో పేరీత చెట్టును చూసినవాళ్ళకు ఆ ఆకు కొత్తగా అనిపించదు. నడుమ ఈనె, రెండు వైపులా దువ్వెన పళ్ళలాగా సన్నటి రెబ్బలు. రెండూ ఒక కుటుంబం కావు గానీ, పోలిక చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

యజమాని అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. వెళ్ళగానే మేస్త్రీని కలిసి, ఆ రోజు పేలుడు పని ఉందా, జేసీబీ ఎటువైపు తవ్వుతోంది, టిప్పర్లు ఏ దారిన వస్తాయి అని అడగండి. ఆయన వద్దన్న చోటికి వెళ్ళొద్దు. హెల్మెట్, బూట్లు, కళ్ళద్దాలు లేనివాళ్ళు బండి దగ్గరే ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు. నిట్టనిలువుగా కోసిన గట్టు కింద ఎవరూ నిలబడకూడదు, ఫొటో కోసమైనా సరే. ఎక్కడ వెతకాలంటే, పక్కన పారబోసిన దిబ్బల్లో. జేసీబీ తవ్విపోసిన రాయిలోనే మనకు పని సులువు.

మట్టిరాయి పలకను నేల మీద నిలబెట్టి పట్టుకోండి. అంచున పొర గీత కనిపిస్తుంది. ఉలి ఆ గీత మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టండి, ఒకే చోట కాదు, చుట్టూ. పలక పుస్తకంలా విచ్చుకుంటుంది. ముద్ర ఉంటే రెండు ముక్కల్లోనూ ఉంటుంది, రెండూ దాచుకోవాలి.

కొత్తవాళ్ళు మోసపోయేది ఒకచోట ఉంది. రాతి పగుళ్ళలో మాంగనీసు నల్లగా పాకి, అచ్చం ఫెర్న్ ఆకులాగే కనిపిస్తుంది. దాన్ని డెండ్రైట్ అంటారు, అది శిలాజం కాదు. నిజమైన ఆకుకు నడుమ ఈనె తిన్నగా ఉంటుంది, రెబ్బలు లెక్క ప్రకారం వస్తాయి. డెండ్రైట్ కొమ్మలు ఇష్టమొచ్చినట్టు చీలుతాయి, పగులు ఎటు పోతే అటు పోతాయి. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం ఉంటే ఇట్టే తేలిపోతుంది.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: రాయిని సంచిలో వేసే ముందే రాసుకోండి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మూడు మంచి ముద్రలు ఒకే సంచిలో వేసుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఏది ఏ దిబ్బలోదో, ఏ రంగు పొరలోదో చెప్పలేకపోయాను. ఇప్పటికీ అవి నా అల్మారాలో ఉన్నాయి, చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిని అడిగి తెలుసుకోగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ బాధ మీకొద్దు. దొరికిన చోటే పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఫొటో తీయండి. ఫోన్లో జీపీఎస్ అంకెలు చూసి రాసుకోండి. ముద్ర లేని వైపు మార్కర్‌తో నంబరు వేయండి, అదే నంబరు నోటుపుస్తకంలో తేదీ, రాయి రంగు, దొరికిన దిబ్బతో సహా ఎక్కించండి. తర్వాత ఒక్కో ముక్కను విడిగా పాత పేపర్లో చుట్టండి. జంట ముక్కలకు ఒకే నంబరు, పక్కన అ, ఆ.

గుంపులో ఒకరికి రాసే పని మాత్రమే అప్పజెప్పండి. పిల్లలు ఈ పని చక్కగా చేస్తారు.

ఇంటి పని: మీ వీధిలో దొరికే ఏవైనా ఐదు రాళ్ళు తీసుకుని, నంబరు, ఫొటో, నోటు మూడూ పూర్తి చేయండి. వారం తర్వాత నోటు మాత్రమే చూసి ప్రతి రాయి ఎక్కడిదో ఇంట్లోవాళ్ళకు చూపించండి. 5వ పాఠంలో ముద్ర మీద అంటిన మట్టిని సూదితో, బ్రష్‌తో తీయడం మొదలుపెడదాం. అప్పటిదాకా వాటిని నీళ్ళలో మాత్రం కడగొద్దు, మట్టిరాయి నానితే విడిపోవచ్చు.