హాన్ కాలం చైనా జాడి అమ్మకానికొస్తే ఏం చూడాలె, ఏం అడగాలె

పాత నాణేలు, స్టాంపులు జమచేసేటోళ్ల వాట్సాప్ గ్రూపుల్ల అప్పుడప్పుడు ఒక ఫొటో తిరుగుతది. పొట్ట లావుగ, మెడ సన్నగ ఉన్న మట్టి జాడి, ఆకుపచ్చ గ్లేజు (గాజు లెక్క మెరిసే పూత), దానిమీద వెండి లెక్క మెరుపు, కింద "హాన్ డైనాస్టీ, 2000 ఏండ్లు, సర్టిఫికెట్ ఉంది" అని రాసి ఉంటది. వరంగల్, కరీంనగర్ దిక్కు ఎవరన్న అది కొందామనుకుంటే నేను చెప్పేది ఒకటే, జాడికన్నా ముందు అది వచ్చిన దారి చూడుండ్రి. ఎప్పుడు చైనా దాటింది, ఎవరెవరి చేతులు మారింది, దానికి కాయితం ఏముంది. ఇది తేలకపోతే మిగతావన్నీ చూసి లాభం లేదు.

ఎందుకంటే ఈ జాడీలు ఇండ్లల్ల వాడినవి కావు, సమాధుల్ల పెట్టినవి. హాన్ రాజ్యం క్రీ.పూ. 206 నుంచి క్రీ.శ. 220 దాక, అంటే మన ధూళికట్ట, కోటిలింగాల దగ్గర శాతవాహనులున్న కాలమే ఇంచుమించు. అప్పుడు అక్కడ పెద్దోళ్లు చనిపోతే కంచు సారాయి పాత్ర ఆకారంలనే మట్టి జాడి చేసి, దాంతోపాటు మట్టి పొయ్యి, గరిసె, బాయి, పందుల దొడ్డి బొమ్మలు గూడ లోపల పెట్టేటోళ్లు. గట్ల పెట్టినవి మస్తుగున్నయి కాబట్టి వేల ఏండ్ల వస్తువు అంటే కోట్లు అనుకోవద్దు, మామూలు హాన్ జాడి విదేశీ వేలంపాటల్ల కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల డాలర్లకే పోతది. సమాధులు తవ్వి దొంగతనంగ అమ్మినవి గూడ చాలా ఉన్నయి, అందుకే కాయితం గురించి ఇంత పట్టుబడుతున్న.

కాయితం అంటే "మా తాత సింగపూర్ల కొన్నడు" అనే మాట కాదు. పాత వేలం క్యాటలాగ్ పేజీ, లాట్ నంబరు (వేలంల వస్తువుకు ఇచ్చే నంబరు), కొన్న బిల్లు, ఏండ్ల కిందటి ఫొటో, వీటిల ఏదన్న ఉండాలె. పురావస్తువుల దొంగరవాణా ఆపేటందుకు చేసుకున్న 1970 యునెస్కో ఒప్పందం తేదీకి ముందే చైనా బయట ఉన్నట్టు తేలితే అన్నిటికన్న మంచిది. 2007 నుంచి చైనా 1911కు ముందటి పురావస్తువులను బయటికి పోనిస్తలేదు, అమెరికా 2009 జనవరి నుంచి టాంగ్ కాలం (హాన్ తర్వాత వచ్చిన రాజ్యం, క్రీ.శ. 907 దాక) చివరిదాక ఉన్న తవ్వకం వస్తువులను కాయితం లేకుండ రానిస్తలేదు. మన దగ్గర 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏండ్లు దాటిన వస్తువుల వ్యాపారం చేసేటోడికి లైసెన్సు ఉండాలె, అది అడుగుండ్రి. ఇంకోటి, అట్లాంటి వస్తువును మనం సొంతంగ దేశం దాటించలేం, కాబట్టి రేపు మంచి ధర పెట్టే విదేశీ కలెక్టరుకు అమ్ముకుందాం అనే లెక్క వేసుకోకుండ్రి.

ఇగ జాడి సంగతి. పగటి వెలుగుల తీసిన ఫొటోలు అడుగుండ్రి, మూతి అంచు, అడుగు, లోపలి భాగం దగ్గర నుంచి. అమ్మేటోళ్లు ముందటి భాగమే చూపెడతరు గని అసలు సంగతి మూతి దగ్గరుంటది. ఈ జాడీలు చాలావరకు తలకిందులుగ బోర్లించి కాల్చినవి, అందుకే గ్లేజు మూతి దిక్కు జారి అంచు మీద బొట్లు బొట్లుగ గడ్డకట్టి ఉంటది, బట్టీల ఆనిచ్చిన చోట మూడు చిన్న మచ్చలుంటయి. బొట్లు అడుగు దిక్కు జారి ఉంటే అది నిలబెట్టి కాల్చింది, నకిలీ అని అక్కడికక్కడే చెప్పలేం గని ఎందుకు గట్లుందో అడగాల్సిందే. పొట్ట మీద ఉంగరం పట్టుకున్న మృగం ముఖం అచ్చుతో వేసింది ఉంటది, దాని గీతలు గ్లేజు కింద మెత్తబడి కనబడాలె.

వెండి మెరుపు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలె, జనం మోసపోయేది ఇక్కడే. ఆ గ్లేజుల సీసం, రంగు కోసం రాగి ఉంటయి, సమాధి తేమకు వందల ఏండ్లు నానితే పైభాగం పొరలు పొరలుగ మారి వెండి రంగు వస్తది. భూతద్దం, నగల షాపుల వాడే పదింతలది, పెట్టి చూస్తే ఒక పొర కింద ఇంకో పొర కనబడతది, కొన్నిచోట్ల లేచిపోయి కింద పచ్చ బయటపడి ఉంటది, ఒకదిక్కు ఎక్కువ ఒకదిక్కు తక్కువ ఉంటది. అంతటా ఒక్కతీరుగ మెరిస్తే రంగు కొట్టిందే అని అనుమానపడుండ్రి. మట్టి అంటిన చోట దూది పుల్లను అసిటోన్ల ముంచి చిన్నగ రుద్దితే బంకతో అంటించిన మట్టి మెత్తబడి ఊడొస్తది (రంగులతో బొమ్మలు గీసిన కుండల మీద మాత్రం ఇది చేయొద్దు, రంగు పోతది). నోట్లు చెక్ చేసే యూవీ టార్చి చీకట్ల వేస్తే అతుకులు, కొత్త రంగు చాలాసార్లు వేరేగ మెరుస్తయి. ఎండాకాలం రంజన్ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటం గదా, గట్లనే ఇక్కడ కూడ, మొద్దుగ మోగితే పగులో అతుకో ఉండొచ్చు.

సర్టిఫికెట్ అంటే ఎక్కువగ థర్మోలూమినిసెన్స్ పరీక్షది. మట్టిల ఉన్న క్వార్ట్జ్ రేణువులు కాల్చినప్పటి నుంచి చుట్టుపక్కల రేడియేషన్ శక్తిని దాచుకుంటయి, పొడి తీసి వేడిచేస్తే ఆ శక్తి వెలుగుగ వస్తది, దాన్నిబట్టి ఎప్పుడు కాల్చిందో అంచనా వేస్తరు. ఆక్స్‌ఫర్డ్ ఆథెంటికేషన్ ఇట్లాంటి ల్యాబే. రిపోర్టుల వస్తువు ఫొటో, పొడి తీసిన చోట్లు ఉంటయి, జాడి తిప్పి ఆ సన్న రంధ్రాలు నిజంగ ఆ చోటనే ఉన్నయా చూడుండ్రి, రిపోర్టు నంబరు ల్యాబుకే మెయిల్ చేసి అడుగుండ్రి. పాత అడుగుముక్కకు కొత్త ఒళ్లు అతికించి అడుగులనే పరీక్ష చేయించేటోళ్లున్నరు, అందుకే అడుగుల ఒకటి, ఒంట్ల ఒకటి, రెండు చోట్ల తీసిన రిపోర్టు అయితేనే నమ్మొచ్చు.

మూడు రంగుల గ్లేజుతో ఉండే టాంగ్ కాలం మట్టి గుర్రం బొమ్మలకు మాత్రం ఇంకా జాగ్రత్త, లోయాంగ్ దగ్గర నాన్‌షిషాన్ ఊర్ల ఆ గుర్రాలకు నకళ్లు చేయడమే వృత్తి. వాటిని నకళ్లుగ కొంటే తప్పేం లేదు, ముచ్చటగ ఉంటయి.

కొనే ముందు ఒకసారి కరీంనగర్ మ్యూజియం పోయి పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల కుండలు తీరికగ చూడుండ్రి, 2000 ఏండ్లు మట్టిల ఉంటే కుండ అంచు ఎట్లరుగుతదో కండ్లకు అలవాటైతది. హైదరాబాద్ సాలార్‌జంగ్ల చైనా సామాను మస్తుంది గని అది ఎక్కువగ తర్వాతి కాలం పింగాణీ, ఈ జాడి గుర్తుపట్టడానికి అంత పనికిరాదు. బేరం కుదిరినా పైసలు మొత్తం ఒకేసారి ఇయ్యకుండ్రి, ల్యాబుల తప్పు తేలితే వాపస్ తీసుకుంట అని బిల్లు మీదనే రాయించుకోండ్రి, ఎన్ని రోజుల లోపల అనేది గూడ రాయాలె, పరీక్షకు పంపి జవాబు రావడానికి టైం పడతది.